వైద్యుని చెవిని బడిన మాట

కృష్ణాజిల్లానుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి రెండవ కుమార్తె ఎల్.ఎల్.ఎం. పట్టము పొంది, డాక్టరేటు కొఱకు పరిశోధన చేయదలచినదట. కంప్యూటర్లలో నిలువచేయబడు రోగుల సమాచారము, దానిపై పెత్తన మెవరిది, చట్టము దాని నెట్లు కాపాడవలెను అనునది ఆ చిన్నది ఎన్నుకొన్న విషయము. ఇంటిల్లిపాదికిని ఇది వింతగా నున్నది. "న్యాయశాస్త్రము చదివిన పిల్ల కోర్టుకు పోవలెను, వైద్యముపై ఆసక్తి యుండిన మొదటనే వైద్యము చదువవలసినది, రెంటికి జెడిన ఈ రేవడి చదువేమి?" అని పినతండ్రిగారి ఆక్షేపణ. మేనత్తగారు పెండ్లియీడు మాట గంటకొకమారు జ్ఞాపకము చేయుచున్నారట. తల్లికి మాత్రము బిడ్డ మాట త్రోసివేయుటకు మనసొప్పలేదు. "ఇది ఆడపిల్ల అయిదేండ్లు వెచ్చింపదగిన విషయమేనా? మీ పుటలలో విశదముగా వ్రాయుడు" అని కోరినారు.

నిజము చెప్పవలెనన్న, ఆ జాబు చేతికి వచ్చిననాడు మాకును ఈ విషయము అంతగా దెలియదు. పది దినములు పుస్తకములు తిరుగవేసి, తెలిసినవారి నడిగి, ఇప్పుడు కలము పట్టితిమి. పినతండ్రిగారు దీనిని క్రొత్త వేషమని తలచుచున్నారు గాని, దీని వేరు మిక్కిలి పాతది. చరకసంహితలోని విమానస్థానమున వైద్యవిద్య నభ్యసింపబోవు శిష్యునకు గురువు చేయు ఉపదేశ మొకటి కలదు. రోగి యింటికి పోవునపుడు ఆ యింటివా రెఱిగిన మనుష్యుని తోడుకొని, అనుమతి పొంది లోపల అడుగుపెట్టవలెననియు, అచ్చట దెలిసిన ఇంటి సంగతులు వెలుపల చెప్పరాదనియు అందున్నది. అనుమతి, రహస్యము అను రెండు మాటలును అందే యున్నవి. నేటి చట్టములన్నియు ఈ రెండు మాటలనే పట్టుకొని పెనగులాడుచున్నవి.

మా చిన్ననాడు మా వీధికంతకు ఒక్కడే వైద్యు డుండెను. ఏ యింటి కోడలికి గర్భము నిలువలేదో, ఏ యింటి పిల్లకు మూర్ఛ వచ్చునో, ఏ పెద్దమనిషి రాత్రులందు ఏమి త్రాగునో ఆయన కెఱుక. ఆయన కడుపున బడిన మాట ఆయనతోడనే కాటికి పోయినది. ఆయన యొద్ద పుస్తకమే లేదు. ఉన్నను ఆయన వ్రాత ఆయనకే చదువ వచ్చెడిది కాదు!

ఇప్పుడు రోగి చెప్పిన మాట వైద్యుని చెవిని బడుటకు ముందే గుమాస్తా కంప్యూటరున బడుచున్నది. అచ్చటినుండి రక్తపరీక్ష చేయువారికి, మందుల యంగడికి, బీమా కంపెనీకి, ఆ లెక్కల యంత్రమును నడుపు మఱియొక కంపెనీకి పోవుచున్నది. పెదవి దాటిన మాట పృథివి దాటునని సామెత. పూర్వము పృథివి దాటుటకు నాలుగు దినములైన బట్టెడిది. వైద్యునకు ప్రమాణము కలదు. తప్పినచో ఆయన పట్టమునకు భంగము కలదు. ఈ నడుమనున్న వారిలో ప్రమాణము చేసినవా రెవరు? ఆ చిన్నది అడుగదలచిన మొదటి ప్రశ్న ఇదియే యని మేము గ్రహించితిమి.

2021 సెప్టెంబరు 27వ తేదీన కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అను పథకమును దేశమంతటను ఆరంభించెను. ఆసుపత్రిలో మీయొద్ద "ఆభా నంబ రున్నదా?" అని యడుగుట మీలో పలువురు వినియుందురు. అది పదునాలుగు అంకెల సంఖ్య. దానితో ఒక మనుష్యుని వేర్వేరు ఆసుపత్రుల చీటీలను ముడివేయవచ్చును. చీటీలన్నియు ఒకచోట కుప్పవోయరు. ఏ యాసుపత్రివి అచ్చటనే యుండును. మఱియొక వైద్యుడు చూడవలెనన్న రోగి సమ్మతి కావలెను. ఎందు కొఱకు, ఏ చీటీలు, ఎంతకాలము అనునవికూడ ఆ సమ్మతిలో నుండును. ఈ సంఖ్య తీసికొనుట ఐచ్ఛికము. వలదన్న రద్దు చేసికొనవచ్చును. పథకము మంచిది కాదని మేమనము. ఏ మాత్ర యెందుకు వేసికొనుచున్నదో తెలియక, సంచినిండ ఖాళీ అట్టలు పట్టుకొని వైద్యుని యెదుట కూర్చున్న ముసలమ్మను చూచినవా రెవరును చీటీలు భద్రపఱచుట తప్పనరు.

అయిన, భద్రపఱచుట వేఱు, కాపాడుట వేఱు. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యాలయపు కంప్యూటర్లపై దొంగదాడి జరిగి, ఆ మహాసంస్థలో కొన్నినాళ్లు రోగుల చీటీలు మరల చేతితో వ్రాయవలసివచ్చెను. కాగితపు పుస్తకమును దొంగిలించువాడు ఒక పుస్తకమును దొంగిలించును.

చట్టము సంగతి చూతము. తెలుగుదేశమునకు దీనిలో గర్వింపదగిన పాలొకటి కలదు. నాటి ఆంధ్రప్రదేశ రాష్ట్రము 1986లో స్టాంపుల చట్టమును సవరించి, కలెక్టరు నియమించిన యే మనుష్యుడైనను బ్యాంకులు మొదలగు చోట్ల ప్రవేశించి కాగితములను పరీక్షింపవచ్చుననెను. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును దీనిపై వివాదము పుట్టి సుప్రీముకోర్టువఱకు పోయెను. 2004 నవంబరు 1వ తేదీన కోర్టు ఆ సవరణను కొట్టివేసెను. మనము నమ్మి యొకరియొద్ద దాచిన కాగితము మన ఇల్లు దాటినంత మాత్రమున మన రహస్యము కాకపోదని ఆ తీర్పు సారము. రహస్యము మనుష్యునకు సంబంధించినది, చోటునకు గాదు. నగలు పుట్టింట దాచినను అవి మన నగలే గదా! బ్యాంకు కాగితమునకు జెప్పిన ఈ మాట ఆసుపత్రి చీటీకి ఇంకను ఎక్కువగా జెల్లును. తరువాత 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామిగారి వ్యాజ్యెమున, గోప్యత ప్రాథమిక హక్కని ఏకకంఠముగా తీర్పు చెప్పిరి.

అంతట 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ప్రధానమైన విధులు అప్పటినుండి పదునెనిమిది నెలలకు అమలులోనికి వచ్చునట్లు ఏర్పాటు. ఈ చట్టమున మన పాఠకురాండ్రకు ముచ్చట గొలుపు విశేష మొకటి కలదు. ఆంగ్లమున చట్టములన్నియు "అతడు" అని వ్రాసి, అతడనగా ఆమెయు అని అర్థము చెప్పుట ఇదివఱకటి వాడుక. ఈ చట్టము తిరుగవేసి "ఆమె" అని వ్రాసి, ఆమె యనగా అందఱును అనినది. సమ్మతి యడుగు పత్రమును రాజ్యాంగపు ఎనిమిదవ అనుబంధములోని భాషలలో దేనియందైనను చూపుమని యడుగుటకు ఆమెకు హక్కు కల్పించినది. ఆ భాషలలో మన తెలుగున్నది. ఆసుపత్రి బల్లవద్ద చదువరాని ఆంగ్లపత్రముపై "ఇచ్చట సంతకము చేయుడమ్మా" అనినపుడు "తెలుగుపత్ర మిప్పింపుడు" అని యడుగు దినము వచ్చినదన్న మాట. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులభముగా మరల తీసికొనవచ్చునని కూడ అందున్నది.

ఇక లోటులు. 2011 నాటి నియమములలో వైద్యపు చీటీలను, శరీర మనస్సుల స్థితిని సున్నితమైన సమాచారమని ప్రత్యేకించి చెప్పియుండిరి. క్రొత్త చట్టమున ఆ తారతమ్యము లేదు. మీరు కొన్న చీర వివరమును, మీకు వచ్చిన వ్యాధి వివరమును ఒక్క పంక్తిలో కూర్చున్నవి. ఆరోగ్య సమాచారమునకే వేఱు చట్టము కావలెనని ఆరోగ్యశాఖ 2018లో నొక చిత్తుప్రతిని ప్రజల ముందుంచెను. అది చట్టము కాలేదు. సమాచారమును కాపాడలేకపోయిన సంస్థకు 250 కోట్ల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చునని క్రొత్త చట్టమున నున్నది, కాని ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోవును. ఎవరి గుట్టు బయటబడినదో ఆమెకు పరిహారము లేదు. పరిహారము నడుగుటకు వీలిచ్చిన పాతచట్టపు పరిచ్ఛేదమును గూడ ఈ చట్టము తొలగించుచున్నది. ఇంట దొంగతనమైన, దొంగకు శిక్షపడుట మంచిదే. పోయిన సొమ్ము మాట అడుగుట అత్యాశ యగునా?

ఈ విషయమును చదువుచుండగా మమ్ము మిక్కిలి ఆకర్షించిన కథ ఐస్‌లాండు దేశమునది. ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఆ చిన్న ద్వీపమున జనసంఖ్య స్వల్పము. వంశవృక్షములు శతాబ్దములనుండి భద్రముగా నున్నవి. 1998లో అచ్చటి ప్రభుత్వము దేశములోని ప్రజలందఱ వైద్యపు చీటీలను ఒక్కచోట కూర్చు చట్టము చేసి, ఆ పనిని ఒక కంపెనీ కప్పగించెను. వలదన్నవారు వలదని వ్రాసి యీయవలెను. ఊరకున్నవా రొప్పుకొన్నట్లే లెక్క. అప్పు డొక బాలిక పక్షమున అభ్యంతరము వచ్చినది. "నా తండ్రి 1991లో గతించెను. ఆయన చీటీల నా పుస్తకములో చేర్పవలదు" అని యామె కోరిక. చనిపోయినవాని తరఫున వలదను హక్కు నీకు లేదని అధికారు లనిరి. ఆమె న్యాయస్థానమున కెక్కి, 2003 నవంబరు 27వ తేదీన అత్యున్నత న్యాయస్థానమున గెలిచెను. తండ్రి రోగమును బట్టి బిడ్డ రక్తమున నేమున్నదో ఊహింపవచ్చును గనుక, తండ్రి చీటీలో బిడ్డ రహస్యము కూడ నున్నదని న్యాయమూర్తులు చెప్పిరి. ఆ మహాపుస్తకము కట్టబడనే లేదు.

ఈ కథ చదివి మేము కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి. రోగపు చీటీ ఒక్కరిది కాదు, అది వంశమునకు జెందినదని మన యిండ్లలో ఎవరికి దెలియదు? పెండ్లిచూపులకు ముందు "వారి యింట చక్కెరవ్యాధి కలదా, మతిభ్రమణము కలదా" అని నలుగురి నోట ఆరాతీయుట మన మెఱుగనిదా? అక్కకు క్షయ యన్న చెల్లికి సంబంధము తప్పిపోయిన ఇండ్లు మే మెఱుగుదుము. ఇంటిగుట్టు లంకకు చేటని మనవారు ఊరక యనలేదు.

చట్టము మనుష్యు నొక్కని నొక్కనిగా చూచును: ఆమె సమ్మతి, ఆమె సంతకము, ఆమె ఫోను. మన కుటుంబములు అట్లు నడచుట లేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయముగా వాడుకొను మొబైలు ఫోను కల స్త్రీలు దేశమున నూటికి 54గురు మాత్రమే యని తేలినది. మిగిలిన 46గురి సమ్మతిని తెలుపు ఓటీపీ అంకెలు ఎవరి ఫోనునకు వచ్చును? భర్తకు, కుమారునకు, లేదా మఱిదికి. ఇది ప్రభుత్వ మెఱుగని విషయము కాదు. 2021లో కరోనా టీకాలకు కోవిన్‌లో పేర్లు వ్రాసికొనునపుడు ఒక్క ఫోను నంబరుపై నలుగురి నమోదునకు అనుమతించిరి. 2022లో ఆరుగురికి పెంచిరి. అది సౌకర్యమే, కాదనము. కాని 2023 జూనులో, టెలిగ్రామున ఒక ఫోను నంబరు వ్రాసినచో దానిపై నమోదైన వారందఱ వివరములు కనబడుచున్నవని పత్రికలు వ్రాసెను. ప్రభుత్వ మా వార్తలు నిరాధారములనెను. వాదోపవాదముల నట్లుంచుడు, ఆ వార్త చదివిన ప్రతి యిల్లాలికిని ఒక నంబరు వెనుక ఒక ఇల్లుండునని ఆనాడు బోధపడినది.

మా యెఱుకలోని యొక యింట జరిగినది చెప్పెదము. క్రొత్తకోడలు సంతానమునకు సంబంధించిన రక్తపరీక్ష చేయించుకొనెను. డబ్బు కట్టినవారు మామగారు గనుక బల్లవద్ద ఆయన ఫోను నంబరే వ్రాసికొనిరి. మఱునాటి ఉదయమున ఫలితము ఆయనకు వచ్చెను. ఆయనకు అందులోని అంకె లర్థము కాక, బంధువులలో నొక వైద్యుడున్నాడు గదా యని కుటుంబపు వాట్సాపు కూటమిలో పెట్టెను. సాయంకాలమునకు పదకొండు ఇండ్ల వారు ఆ చీటీ చదివిరి. ఆ కోడలు చదివినది అందఱికంటె కడపట. ఇందులో ఎవరికిని దుర్బుద్ధి లేదు. మామగారు మర్యాదస్థులు, కోడలిపై అభిమానము కలవారు. ఆ పిల్ల మాత్రము రెండు నెలలు పుట్టింటనుండి రాలేదు.

ఈ కథను చట్టము తెలిసినవారికి వినిపించి, ఇందులో తప్పెవరిదని యడిగితిమి. మామగారిది కాదట! వ్యక్తి తన స్వంతపనికిగాని గృహసంబంధమైన పనికిగాని వాడుకొను సమాచారమునకు 2023 చట్టము వర్తింపదని అందే వ్రాసియున్నది. చట్టము మన గడపవద్ద ఆగిపోవుచున్నది. అట్లాగుట ఒకందుకు న్యాయమే. పోలీసులు మన వంటయింటి మాటలు వినుట కెవ రొప్పుకొందురు? అయిన గడప కీవలనున్న పరీక్షశాల మాట యేమి? "అమ్మా, ఫలితము నీకు ఏ నంబరునకు పంపవలెను?" అని ఆ పిల్లను ముఖాముఖిని అడుగవలసిన విధి దానికి లేదా? డబ్బు కట్టినవాని నంబరు, రోగి నంబరు వేఱువేఱుగా వ్రాసికొనుటకు రెండు గడు లుంచుట ఎంత పని? గర్భస్రావ చట్టమునకు 2021లో చేసిన సవరణ, స్త్రీ పేరును బయటపెట్టిన వైద్యునకు ఏడాదివఱకు కారాగారశిక్ష విధింపవచ్చునన్నది. కావలెననుకొన్నపుడు చట్టము స్త్రీ గుట్టును గట్టిగా కాపాడగలదని అది సాక్ష్యము. మిగిలిన పరీక్షలకు, మందులకు, మనోవ్యాధులకు ఎంతవఱకు కాపాడవలెను, ఎచ్చట విడువవలెను అనునది తేల్చుటకు కూర్చుండి యోచించువారు కావలెను. పరిశోధన యనగా ఇదియే. శాసనములను ప్రక్కప్రక్కన బెట్టి చదువుట, ఇతరదేశముల తీర్పులతో పోల్చుట, ఆసుపత్రి బల్లవద్ద నిలువబడి అచ్చట నిజముగా నేమి జరుగుచున్నదో నర్సులను, గుమాస్తాలను, రోగులను అడిగి వ్రాసికొనుట. ఈ మూడవ పనిలో నీళ్లబిందెతో పంపువద్ద నిలువబడిన స్త్రీలతో మాటలాడగల తెలుగు పిల్లకు గల సౌలభ్యము, ఢిల్లీలో కూర్చుండి చిత్తుప్రతులు వ్రాయువారికి లేదు. ఆమె యడుగగల ప్రశ్న పినతండ్రిగారికి తట్టదు. మాకును ఆ కోడలి కథ జరుగువఱకు తట్టలేదు.

పెండ్లిమాటకు వత్తము. మేనత్తగారి ఆతురతను మేము పరిహసింపము. విశ్వవిద్యాలయ సంఘమువారి 2022 నిబంధనల ప్రకారము డాక్టరేటునకు కనీసము మూడేండ్లు, సాధారణముగా ఆరేండ్లకు మించరాదు; స్త్రీలకు అదనముగా రెండేండ్ల సడలింపు కలదు. ప్రసూతికిని శిశుపోషణకును మొత్తముమీద 240 దినములవఱకు సెలవు దొరకును. వివాహమైన స్త్రీయు చదువు కొనసాగించునని ఎంచియే ఈ నిబంధనలు వ్రాసిరి గదా. జాతీయ అర్హతపరీక్షలో నెగ్గి జూనియర్ ఫెలోషిప్పు సంపాదించినచో నెలకు 37,000 రూపాయలు వచ్చును. ఇది 2023 జనవరినుండి పెంచిన మొత్తము. తండ్రిపై భారము పడనక్కఱలేదు. హైదరాబాదున 1998లో వెలసిన నల్సార్, విశాఖపట్టణమున 2008లో వెలసిన దామోదరం సంజీవయ్య న్యాయవిశ్వవిద్యాలయము మన యూళ్ల కందుబాటులోనివి. గురువు నెన్నుకొనుటలో మాత్రము తొందర కూడదు. అల్లుని వెదకునంత జాగ్రత్తగా గురువును వెదకవలెను. ఆఱేండ్లు ఆయన చేతిలో నుండవలె గదా.

ఈ విషయమున పని దొరకునా యని కూడ ఆ తల్లి యడిగినారు. సమాచారమును నిలువచేయు ప్రతి ఆసుపత్రియు, బీమా కంపెనీయు ఈ చట్టమునకు లోబడి నడువవలసియున్నందున, దీనిని చదివినవారి యవసరము పెరుగునని మా తలంపు.

సోదరి జాబు చివర చిన్న అక్షరములతో మఱియొక ప్రశ్న కలదు; అసలు ప్రశ్నకంటె అదియే మాకు ప్రియమైనది. వారి ఆభా సంఖ్య హైదరాబాదులోని పెద్దకుమారుని ఫోనుతో ముడిపడియున్నదట. ఆసుపత్రికి పోయినపుడెల్ల అతనికి ఫోనుచేసి అంకె లడుగవలసివచ్చుచున్నది, అత డేమి జబ్బని యడుగును, చెప్పుటకు సిగ్గు. దీనిని తన ఫోనునకు మార్చుకొనవచ్చునా యని వారి ప్రశ్న. మార్చుకొనవచ్చును. మొదట ఆధారు కేంద్రమునకు స్వయముగా పోయి ఆధారులోని ఫోను నంబరు మార్పించుకొని, తరువాత ఆభాలో మార్చుకొనుడు. తమ పాతచీటీల నకళ్లు కావలసిన వైద్యు నడుగుడు. అడిగిన 72 గంటలలో ఈయవలెనని 2002 నాటి వైద్యమండలి నిబంధన. పోవునపుడు చిన్నదానిని తోడు తీసికొనిపోవుడు. ఎన్ని బల్లలు తిరుగవలసివచ్చినదో, ఎచ్చట నెవరేమడిగిరో, ఏ పత్రము తెలుగున నున్నదో, ఏది లేదో ఆమెచే వ్రాయించి, ఆ కాగితము మాకు కూడ పంపుడు.